తప్పు విన్న మాట

ఆ రోజు పొద్దున మా అవ్వ, అంటే అమ్మ, వేసిన ముగ్గులో ఒక చుక్క తప్పింది. గడప మీద నిలబడి చూశాను. గీత మాత్రం ఆ లేని చుక్క చుట్టూ కూడా తిరిగి, కలవాల్సిన చోటికి వచ్చి కలిసింది. అవ్వకు చెబుదామా వద్దా అనుకుంటుండగా లోపల ఫోన్ మోగింది. కరీంనగర్ కాన్వెంటు నుంచి చిన్న సిస్టర్ చేసింది.

"అక్కా, మన సిస్టర్ పోయింది. పొద్దుగాల్నే చాయ అడిగింది. తెచ్చేసరికి లేదు."

అంతే చెప్పింది. నేను "సరే" అన్నాను. బయటికి వస్తే అవ్వ ముగ్గుపిండి గిన్నె పట్టుకుని నా ముఖం చూసింది.

"సిస్టరమ్మనా?"

తలూపాను. అవ్వ గిన్నె కింద పెట్టి, పిండి అంటిన చేత్తోనే కొంగు నెత్తి మీదికి లాక్కుంది. సిస్టర్ మాట వస్తే అవ్వ చెయ్యి నెత్తి మీదికే పోతుంది. ఎందుకు పోతుందో చెప్పాలంటే నేను చేసిన ఒక చెడ్డ పని చెప్పాలి. అప్పుడు తెలిసినవాళ్ళకు తప్ప ఇన్నాళ్ళూ ఎవరికీ చెప్పలేదు. సిస్టర్ పోయాక, చెప్పకుండా ఆమెను గుర్తు చేసుకోవడం నాకు చేతకావడం లేదు.

మెట్‌పల్లిలో మా కాన్వెంటు బడిలో ఆరు నుంచి పది దాకా ఆమె మాకు లెక్కలు చెప్పింది. చిన్న వయసులో కేరళ నుంచి వచ్చి, ఈ ఎండల్లోనే ముసలిదైంది. సన్నటి మనిషి. చెప్పులు నేలకు రాసుకుంటూ నడిచేది. వరండాలో ఆ చప్పుడు వినగానే మేము పుస్తకాలు తెరిచేవాళ్ళం. జేబులో ఎప్పుడూ బ్లేడుతో చెక్కిన పెన్సిల్ ఉండేది. ఎర్ర సిరా ఆమె వాడగా నేను చూడలేదు.

ఆమె క్లాసులో రబ్బరు పనికిరాదు. ఎవరి డబ్బాలో రబ్బరు కనపడినా తీసి కిటికీలో పెట్టేది. సాయంత్రం పోయేటప్పుడు తీసుకోవాలి.

"చెరుపొద్దు. ఒక్క గీత కొట్టు. కింద మళ్ళ చెయ్యి. నీ తప్పు నాకు కనపడాలె. లేకుంటే ఎక్కడ తప్పినవో నాకెట్ల తెలుస్తది?"

మా నోటుపుస్తకాలు కొట్టివేతలతో నిండి ఉండేవి. ఒకసారి ఒక అమ్మాయి వాళ్ళ బాపు ఆ పుస్తకం పట్టుకుని బడికే వచ్చాడు. "ఏంది సిస్టర్ గీ పుస్తకం? కోడి గీకినట్టున్నది" అన్నాడు. సిస్టర్ పుస్తకం తీసుకుని పేజీ పేజీ తిప్పింది. "మస్తు కష్టపడ్డడు మీ బిడ్డ" అంది. ఆయన నవ్వలేక నవ్వుతూ పోయాడు.

అవును, కష్టపడ్డడు అనే అంది. ఆమె తెలుగు అంతే. ఆడ, మగ, ఒక్కరు, పదిమంది, అన్నీ ఆమె నోట్లో కలిసిపోయేవి. "మీ అవ్వ వచ్చిండా?" అని అడిగేది. "బస్సు పోయిన్రు" అనేది. హాస్టల్ వంటమ్మ దగ్గర నేర్చుకున్న తెలుగని మేమంతా అనుకునేవాళ్ళం. వెనక బెంచీల్లో నవ్వితే ఆమె కూడా నవ్వేది. "సమజైందా లేదా? అయితే చాలు." మమ్మల్నందరినీ "మోళే" అని పిలిచేది. వాళ్ళ భాషలో బిడ్డా అని.

నాకు నలుగురి ముందు నిలబడాలంటే భయం. బోర్డు దగ్గరికి పిలిస్తే చాక్‌పీసు చేతిలో తడిసిపోయేది. ఏడో తరగతిలో ఒకరోజు లెక్క సగంలో ఆగిపోయి, ఏడవకుండా ఉండడానికి బోర్డుకేసి చూస్తూ ఉండిపోయాను. సిస్టర్ వచ్చి నాకూ క్లాసుకూ మధ్య నిలబడింది. నా వైపు వీపు, పిల్లల వైపు ముఖం.

"అందరు నన్ను చూడండ్రి. పదమూడో ఎక్కం చెప్పండ్రి."

వాళ్ళు ఎక్కం చదువుతుంటే ఆ చప్పుడు వెనకాల, ఎవరూ చూడకుండా, నేను లెక్క పూర్తి చేశాను. ఆ తర్వాత నన్ను బోర్డు దగ్గరికి పిలిచిన ప్రతిసారీ ఆమె అలాగే నిలబడింది. ఎందుకని ఎవరూ అడగలేదు. నేను కూడా అడగలేదు.

ఆమె మీది ఇష్టంతోనే డిగ్రీలో లెక్కలు తీసుకున్నాను. నాకు అసలు ఇష్టం కథల పుస్తకాలు. కాలేజీలో గ్రంథాలయం చల్లగా ఉండేది. మొదటి సంవత్సరం ఒక్కో క్లాసు ఎగ్గొట్టి అక్కడ కూర్చున్నాను. మూడో సంవత్సరం వచ్చేసరికి క్లాసుకు పోవడమే తగ్గిపోయింది. నన్ను ఎవరూ చెడగొట్టలేదు. చివరి పరీక్షల్లో ఒక పేపరు తప్పాను. తప్పింది లెక్కల్లోనే.

ఫలితాలు వచ్చిన రోజు, దుబాయ్‌లో పనిచేసే మా బాపు ఫోన్ చేశాడు. "ఏమైంది బిడ్డా?" అన్నాడు. వెనక ఆయన రూములో ఉండేవాళ్ళ మాటలు వినపడుతున్నాయి. అందరూ ఆగి వింటున్నట్టుంది. "పాసైన బాపూ" అన్నాను. ఆ మాట అనడానికి ఒక్క క్షణం పట్టింది. వెనక నుంచి చప్పట్లు వినపడ్డాయి.

మరునాడు చెబుదామనుకున్నాను. కానీ ఆ మరునాడే అవ్వ కొండగట్టు బయలుదేరింది. నేను డిగ్రీ పాసైతే తలనీలాలిస్తానని అంజన్నకు మొక్కుకుందట. నాకు ఆ రోజు దాకా తెలియదు. చాలామంది ఆడవాళ్ళు ఇచ్చినట్టు మూడు కత్తెర్లు ఇస్తుందేమో అనుకున్నాను. అవ్వ కూర్చుని నున్నగా గొరిగించుకుంది. తడి నెత్తి మీద చెయ్యి పెట్టుకుని నా వైపు చూసి నవ్వింది. చిన్నపిల్లలా ఉంది. "జర సల్లగున్నదే" అంది.

గుడి లోపలికి పోయాం. అవ్వ కళ్ళు మూసుకుని చాలాసేపు నిలబడింది. నా చేతులు లేవలేదు. బాపుకు అబద్ధం చెప్పాను, అది వేరు. ఇక్కడ దేవుడికే దొంగ మొక్కు చెల్లిస్తున్నాం అనిపించింది. అది చెల్లిస్తున్న మనిషికి అది దొంగదని తెలియదు. ఆ రోజు నుంచి నేను దండం పెట్టడం మానేశాను. పొద్దున అవ్వ దేవుడి ముందు దీపం పెడుతుంటే స్నానం చేస్తున్నట్టు నటించేదాన్ని.

అబద్ధం ఒక్కచోట నిలబడదు. పాసైన పిల్ల ఇంట్లో ఎందుకుంటుంది? మెట్‌పల్లి దగ్గర ఒక చిన్న ప్రైవేటు బడిలో టీచరు కావాలన్నారు. మెమో కాపీ అడిగారు. ఫోన్‌లోనే, అదే మెమోలో పై వరసలో ఉన్న 'బి' అక్షరాన్ని తీసి కింది వరసలో 'ఎఫ్' మీద పెట్టాను. పది నిమిషాల పని. ఎఫ్ ఉండేదన్న గుర్తు కూడా లేదు.

ఐదో తరగతికి ఇంగ్లీషు చెప్పాను. పిల్లలంటే భయం లేదు నాకు. బాగానే చెప్పాననుకుంటాను. కానీ ఇంటికి రాగానే అవ్వ నెత్తి కనపడేది. మొదట నున్నగా, తర్వాత నల్లటి నీడలా, తర్వాత వేలికి తగిలేంత. ఆ వెంట్రుకలు పెరుగుతున్న కొద్దీ నా అబద్ధానికి ఎంత వయసొచ్చిందో తెలిసేది.

దసరా తర్వాత హెడ్మాస్టరు ఒరిజినల్స్ తెమ్మన్నారు. రేపు తెస్తానన్నాను. ఆ రేపు నుంచి బడికి పోలేదు. ఇంట్లో మాత్రం చెప్పలేదు. పొద్దున్నే అవ్వ కట్టిన టిఫిన్ డబ్బా పట్టుకుని బయలుదేరి, మెట్‌పల్లి బస్టాండులో ఒక మూల కూర్చునేదాన్ని. డబ్బా అక్కడే తినేదాన్ని. బడి వదిలే వేళకు ఇల్లు చేరేదాన్ని. మూడు వారాలు అలా గడిచాయి. పుస్తకం తెరిచినా అక్షరం ఎక్కేది కాదు. ఇంటికి పోవాలంటే భయం, పోకుండా ఉండాలంటే భయం. నేను అసలు లేకపోతే అందరికీ తేలికవుతుందేమోనని కూడా అనుకున్నాను. ఆ మాట నాలో నేనే విని, భయపడి, లేచి నిలబడ్డాను. ఎదురుగా నిర్మల్ బస్సు ఉంది. ఎక్కాను.

సిస్టర్ అప్పటికి ఆదిలాబాద్ జిల్లా బోథ్‌లో ఆడపిల్లల హాస్టల్ చూసుకుంటోందని విన్నాను. అక్కడికి పోవాలని అనుకుని ఎక్కానా, ఎక్కాక అనుకున్నానా, ఇప్పుడు చెప్పలేను. కండక్టరు ఆధార్ చూసి, ఆడవాళ్ళకు ఊరికే ఇచ్చే జీరో టికెట్ ఇచ్చాడు. సున్నాలున్న ఆ కాయితం చేతిలో మడిచి పట్టుకున్నాను.

సోన్ దగ్గర గోదావరి వంతెన మీదికి రాగానే పక్కన కూర్చున్న ముసలమ్మ రెండు చేతులూ జోడించింది. నన్ను మోచేత్తో పొడిచింది.

"దండం పెట్టు బిడ్డా. గంగమ్మ తల్లి."

నేను కిటికీ రాడ్డు గట్టిగా పట్టుకున్నాను. ముసలమ్మ నా వైపు ఒకసారి చూసి, నా వంతు కూడా తానే పెట్టింది. పెడుతున్నట్టు చెప్పి మరీ పెట్టింది: "గీ పొల్లది గూడ నాదే అనుకో తల్లీ."

నిర్మల్‌లో బస్సు మారాను. ఘాట్ రోడ్డు దాటి, బోథ్ క్రాస్ రోడ్డు దగ్గర దిగి, ఆటోలో పోయాను. మధ్యాహ్నం అయింది. హాస్టల్ పిల్లలంతా బడికి పోయారు. సిస్టర్ వరండాలో పీట మీద కూర్చుని చిక్కుడుకాయలు తుంచుతోంది. కళ్ళద్దాలు పైకి నెట్టి చూసింది.

"ఎవరు ఇది? నా మోళే వచ్చిండు! అన్నం తిన్నవా?"

నేను మెట్టు ఎక్కలేదు. దారంతా కూడబెట్టుకున్న మాటలేవీ రాలేదు. ఒక్కటే వచ్చింది.

"సిస్టర్, నేను తప్పిన."

మా దగ్గర పరీక్ష పోయిందని చెప్పాలంటే అలాగే అంటాం. ఆమె చెవి దగ్గర చెయ్యి పెట్టుకుంది.

"ఏంది?"

"తప్పిన, సిస్టర్."

"తప్పిపోయినవా?"

ఆమె లేచింది. ఒళ్ళోని కాయలన్నీ కింద పడ్డాయి. మెట్లు దిగి వచ్చి నా రెండు భుజాలూ పట్టుకుంది.

"ఎక్కడ తప్పిపోయినవు? ఇక్కడనే ఉన్నవు గదా. ఇగో, దొరికినవు."

తప్పిపోలేదు సిస్టర్, పరీక్ష తప్పిన అని సరిచేద్దామనుకున్నాను. నోరు తెరిస్తే ఏడుపొచ్చింది. ఆమె ఆపమనలేదు. లోపలికి తీసుకుపోయి జొన్నరొట్టె, పచ్చిమిరప తొక్కు పెట్టింది. ఏడుస్తూనే తిన్నాను. ఆ కారానికి కూడా కొంత ఏడ్చి ఉంటాను.

తిన్నాక వరండాలోకి వచ్చి, కింద పడ్డ కాయలు ఆమె ఏరుతుంటే అంతా చెప్పాను. పేపరు, బాపు, అవ్వ నెత్తి, బడి. మెమో సంగతి చెప్పినప్పుడు ఆమె చేతులు ఆగిపోయాయి. నేల మీది చిక్కుడుకాయల వైపు చూస్తూ మెల్లగా అడిగింది.

"రబ్బరు వాడినవా?"

నన్ను ఆమె తిట్టింది ఆ ఒక్క మాటే. ఇప్పటికీ తలుచుకుంటే చెవులు వేడెక్కుతాయి.

అవ్వ మొక్కు గురించి మాత్రం ఆమెలో దిగులేమీ కనపడలేదు. "మీ అవ్వ అబద్ధం చెప్పలే. ఆమె దేవునికి థ్యాంక్స్ చెప్పిండు. జర ముందు చెప్పిండు, అంతే. దేవుడు తీసుకున్నడు. ఇగ నువ్వు పాసు కావాలె. తప్పదు."

"నాకు దండం పెట్టబుద్ధి కావడం లేదు సిస్టర్. ఏ ముఖం పెట్టుకుని పెట్టాలె?"

ఆమె వరండా చివర గది చూపించింది. రేకుల కప్పు, నాలుగు చాపలు, ఒక చిన్న దీపం. వాళ్ళు ప్రార్థన చేసుకునే గది. "పో. ఇదంత అక్కడ చెప్పు."

"మా ఇంట్ల అంజన్న సిస్టర్. ఇక్కడ..."

"నువ్వు చెప్పే సంగతి ఒక్కటే గదా. ఏ పేరుతోని పిలుస్తవో నీ ఇష్టం. నేను నా దేవునికి చెప్త, ఈ పిల్లను జర చూడు అని."

"దేవునికి తెల్వదా సిస్టర్? మళ్ళ నేను చెప్పుడెందుకు?"

"తెలుసు. నాకు లెక్క తెల్వదా? అయినా నీతోని బోర్డు మీద చేయిస్తలేనా?"

పోయి కూర్చున్నాను. రేకుల మీద ఎండ చిటపటమంటోంది. చివరికి బయట అన్న మాటే మళ్ళీ అన్నాను. తప్పిన. ఆ గదిలో ఆ మాట వేరేగా వినపడింది. సిస్టర్ తప్పు విన్న మాట నా చెవిలో ఉండిపోయింది. తప్పినవాళ్ళ కోసం ఎవరూ వెతకరు. వాళ్ళ నంబరు పక్కన ఒక అక్షరం పడుతుంది, అంతే. తప్పిపోయినవాళ్ళ కోసం వెతుకుతారు. బస్టాండులో కూర్చున్న ఆ మూడు వారాలూ నేను అందరికీ దొరక్కుండా దాక్కున్నాననుకున్నాను. కానీ వెతికేవాడు ఒకడున్నాడని, వాడు నా మెమో చూడడానికి రావడం లేదని, నన్ను చూడడానికే వస్తున్నాడని, ఆ రేకుల గదిలో మొదటిసారి అనిపించింది. పెద్దగా ఏమీ జరగలేదు. వెలుగులూ గొంతులూ ఏమీ లేవు. ఊపిరి మాత్రం కిందిదాకా పోయి వచ్చింది. చాలా రోజుల తర్వాత.

బయటికి వచ్చేసరికి సిస్టర్ చేతిసంచీ సర్దుకుని నిలబడి ఉంది.

"పోదాం. మీ అవ్వకు చెప్పాలె."

"మీరు చెప్తరా సిస్టర్?"

"నేనెందుకు చెప్త? లెక్క నీది. నేను బోర్డు కాడ నిలబడ్డట్టు నిలబడత."

తిరుగు బస్సులో ఆమె సగం దూరం నిద్రపోయింది. తల నా భుజం మీద వాలింది. సోన్ వంతెన దగ్గర లేపుదామా అనుకుని లేపలేదు. రెండు చేతులూ జోడించాను. ఆమె తల కదలకుండా, మెల్లగా.

ఇల్లు చేరేసరికి పొద్దు వాలుతోంది. అవ్వ వాకిట్లో చాట ఒళ్ళో పెట్టుకుని బీడీలు చేస్తోంది.

"ఇంత ఆలస్యమేందే... అయ్యో, సిస్టరమ్మ! రాండ్రి, రాండ్రి. కుర్సీ ఎయ్యవే."

"కుర్సీ వద్దమ్మా. మీ జామచెట్టు చూస్త." అని సిస్టర్ మా ఇద్దరికీ వీపు తిప్పి, జామచెట్టుకేసి ముఖం పెట్టి నిలబడింది. చెట్టుకు అప్పుడు ఒక్క కాయ కూడా లేదు.

నేను అవ్వ ముందు కూర్చున్నాను. ఆ వీపు చూస్తూ చెప్పాను.

"అవ్వా, నేను పాస్ కాలే."

"ఏ పరీక్ష?"

"డిగ్రీ. అప్పుడే తప్పిన."

"మరి బడిల కొలువు?"

"కాయితం దొంగది. నేనే చేసిన. ఇప్పుడు బడికి గూడ పోతలేను."

అవ్వ చేతిలో సగం కత్తిరించిన తునికాకు. దాన్ని చాటలో పెట్టింది. చెయ్యి నెత్తి మీదికి పోయింది. అప్పటికి వేలెడు వెంట్రుకలు.

"మరి నేను దేనికి గొరిగించుకున్ననే?"

నేను చాటలోని ఆకు వైపు చూశాను.

"ఊరంత చెప్పుకుంట తిరిగిన. నా బిడ్డ పాసైంది, నా బిడ్డ పాసైంది అని. దేవుని ముందర గూడ చెప్తి. గిట్ల జేస్తరానే ఎవరన్న?" అవ్వ గొంతు పైకి లేవలేదు. లేస్తే బాగుండుననిపించింది. కొంగుతో ముఖం తుడుచుకుని జామచెట్టు వైపు తిరిగింది. "నువ్వన్న చెప్పు సిస్టరమ్మా. దీన్ని నేను మళ్ళ ఎట్ల నమ్మాలె?"

సిస్టర్ వెనక్కి తిరగలేదు.

"అమ్మా, మీ వెంట్రుకలు మళ్ళ వచ్చినయా?"

"వచ్చినయి."

"ఎట్ల వచ్చినయి?"

"ఎట్ల వస్తయి? అవే వస్తయి, రోజింత."

"ఆఁ" అంది సిస్టర్. అంతే.

అవ్వ కాసేపు ఆ వీపు చూసింది. ముక్కు చీదింది. "లెక్కల మనిషి లెక్కనే మాట్లాడుతవ్ సిస్టరమ్మా" అంది. ఏడుపులోంచే కొంచెం నవ్వు వచ్చింది. చాట పక్కన పెట్టి లేచింది. "లోపలికి రాండ్రి ఇద్దరు. చాయ పెడత. దీన్ని తిట్టుడు తర్వాత."

తిట్టింది కూడా. వారం రోజులు తిట్టింది. ఆ తిట్లు వింటూ నేను పది నెలల్లో మొదటిసారి కడుపునిండా అన్నం తిన్నాను. అబ్బ, అదెంత తేలికో చెప్పలేను.

పది నెలలు అని రాశాను. తప్పు. లెక్క సరిగా వేస్తే ఐదు నెలలే. నాకు పదిలా ఉండింది. చెరపడం లేదు, ఇక్కడే ఉండనిస్తాను.

మరునాడు అవ్వ వెంట బడికి పోయి హెడ్మాస్టరు గారికి చెప్పాను. "కేసు పెట్టొచ్చు తెలుసా?" అన్నారు. "తెలుసు సార్" అన్నాను. జరిగింది జరిగినట్టు కాయితం మీద రాయించుకుని సంతకం పెట్టించారు. చాలాసేపు చదివారు. "కేసు పెట్టను. కానీ పిల్లలు రోజూ అడుగుతున్నరు, టీచర్ ఎప్పుడొస్తదని. వాళ్ళకు ఏం చెప్పాలె నేను?" అన్నారు. ఆ ప్రశ్నకు ఇప్పటికీ నా దగ్గర జవాబు లేదు. సిస్టర్‌కు కూడా దొరకలేదు. "అది మోస్తవు" అంది.

బాపు మూడు రోజులు నా ఫోన్ ఎత్తలేదు. నాలుగో రోజు తనే చేశాడు.

"తిన్నవా?"

"తిన్న బాపూ."

"రూంల అందరికి చెప్పిన. అప్పుడు మిఠాయి తిన్నోళ్ళు నన్ను తిడుతున్నరు. ఈసారి పాసైతే రెండు డబ్బాలు తేవాలెనట."

నేను ఏడుస్తున్నానని తెలిసి ఫోన్ పెట్టేశాడు.

మళ్ళీ చదివాను. ప్రతి ఆదివారం సాయంత్రం సిస్టర్ ఫోన్‌లో ఒక లెక్క చెప్పేది. నేను చేసి, కొట్టివేతలతో సహా ఫొటో తీసి పంపేదాన్ని. కాసేపటికి ఆమె గొంతు వచ్చేది: "మూడో వరసల తప్పినవు. అక్కడిదాక మంచిగ ఉంది." ఆ రెండో వాక్యం ఆమె ఎప్పుడూ మరిచిపోలేదు. ఎంత తప్పు లెక్క పంపినా, తప్పిన చోటికి ముందు ఎంత బాగుందో చెప్పేది. ఒకసారి మొదటి వరసలోనే తప్పాను. ఈసారి ఏమంటుందో అని చూశాను. "ప్రశ్న మంచిగ రాసినవు" అంది.

పాసయ్యాను. ఫోన్ చేసి చెబితే అవతల పిల్లలందరికీ వినపడేలా అరిచింది. "నా మోళే పాసయిండు!" పిల్లలు నవ్వడం వినపడింది. "పాసయింది, సిస్టర్" అని ఎవరో సరిచేశారు. "సమజైందా లేదా?" అంటోంది ఆమె.

అవ్వ, నేను కొండగట్టు పోయాం. మళ్ళీ ఏమైనా ఇయ్యాలేమో అన్నాను. "ఏం ఇయ్యను. నా నెత్తి ముందే ఇచ్చిన గదా" అంది. జడ అల్లుకునేంత కాలేదు గానీ, అవ్వ ఆ రోజు ఉన్న వెంట్రుకలకే నూనె రాసి రెండు పిన్నులు పెట్టుకుంది. లోపల నేను దండం పెట్టాను. ఏమీ అడగలేదు. నన్ను వెతికినందుకు అన్నాను, అంతే.

ఇప్పుడు బి.ఎడ్. చదువుతున్నాను. సర్టిఫికెట్లన్నీ ఒక ఫైల్లో ఉన్నాయి. ఎఫ్ ఉన్న ఆ పాత మెమో కూడా అందులోనే, పాసైన మెమోకు పైన.

ఒక్కటి మాత్రం నాకు ఎప్పుడూ తేలలేదు. ఆ రోజు బోథ్‌లో సిస్టర్ నిజంగానే తప్పు విన్నదా? ఆమె తెలుగు చూస్తే అలాగే అనిపించేది. తప్పిన, తప్పిపోయిన, రెంటికీ తేడా ఆమెకు తెలిసి ఉండదు. కేరళ నుంచి వచ్చిన మనిషి చేసిన చిన్న పొరపాటు వల్ల నేను బతికానని, ఆ పొరపాటు కూడా దేవుడే చేయించాడని అనుకునేదాన్ని. పోయిన ఎండాకాలం, ఆమె జబ్బుపడి కరీంనగర్ కాన్వెంటుకు వచ్చాక, మంచం దగ్గర కూర్చున్నప్పుడు అడుగుదామని నోటిదాకా వచ్చింది. ఆమె దిండు కింద నుంచి పెన్సిల్ తీసి నాకిచ్చింది. "చెక్కు. నా చేతులు వణుకుతున్నయి." చెక్కి ఇచ్చాను. మొనను వేలితో తాకి చూసి, మళ్ళీ దిండు కింద పెట్టుకుంది. ఇక నేను అడగలేదు.

సమాధి రోజు కరీంనగర్ పోయాం. బోథ్ నుంచి హాస్టల్ పిల్లలు జీపులో వచ్చారు. మట్టి వేసేటప్పుడు వాళ్ళలో ఒకమ్మాయి, తొమ్మిదో పదో చదివే పిల్ల, పక్కకు పోయి ప్రహరీ గోడకేసి ముఖం పెట్టుకుంది. భుజాలు ఎగిరెగిరి పడుతున్నాయి. అందరూ చూస్తారేమోనని రెండు చేతులతో తల కప్పుకుంది. నాకు ఆ పిల్ల తెలియదు. మాట్లాడడం నాకు చేతకాదు. పోయి, ఆ పిల్లకూ జనానికీ మధ్య, ఆమె వైపు వీపు పెట్టి నిలబడ్డాను. ముందున్న జనం పాట పాడుతున్నారు. చాలాసేపటికి నా వెనక ఊపిరి నెమ్మదించింది.

తర్వాత బస్సు కోసం గేటు దగ్గర నిలబడి ఉంటే చిన్న సిస్టర్ వచ్చింది. ముక్కు తుడుచుకుంటూ, సిస్టర్ పెట్టె సర్దుతుంటే దొరికిన పాత కాయితాల సంగతి చెప్పింది. కేరళ నుంచి వచ్చిన కొత్తలో పెద్దవాళ్ళు ఆమెను ఇదే కరీంనగర్‌లో ఉంచి తెలుగు నేర్పించి, పరీక్ష రాయించారట.

ఆ పరీక్ష ఆమె రెండుసార్లు తప్పింది. 'తప్పిన' అనే మాట ఆమెకు నాకన్నా ముందే తెలుసు.